వరుస ఇంజనా, వీ ఇంజనా?



తడిసిన రేగడిలో ట్రాక్టరు చక్రములు ఉన్నచోటనే గిర్రున తిరుగుచుండగా, దీనికి వీ ఇంజను ఉండినచో అవలీలగా లాగెడిదే కదా యని సురంగల్ నుండి వ్రాసితివి. లాగెడిది కాదు నాయనా. చక్రము జారినదనగా ఇంజనుకు బలము చాలలేదని కాదు, ఆ బలమును నేల పట్టజాలలేదని యర్థము. ఇంజను అణగి ఆగిపోయినప్పుడు గదా దానిని నిందింపవలసినది! మెకానిక్కు కాదలచినవానికి ఇంత తొందర తగదు.

కాగితము తీసికొని లెక్క వేయుము. 50 అశ్వశక్తుల ఇంజను నిమిషమునకు 2000 చుట్లు తిరుగునపుడు క్రాంకుషాఫ్టునందలి మెలిబలము సుమారు 18 కిలోగ్రాము-మీటర్లు. క్రింది గేరులో చక్రము దానికి 200 వంతుల మెల్లగా తిరిగినచో, చక్రపు వ్యాసార్ధము 70 సెంటీమీటర్లనుకొని, గేర్లలో పోవు నష్టమును తీసివేసినను, నేలవద్ద నాలుగు టన్నులకు మించిన లాగుడు సిద్ధముగా నుండును. వెనుక ఇరుసుపై బరువు టన్నున్నరయే యైనచో, తడి రేగడి ఆ బరువులో సగమంత లాగుడునైనను నిలుపునా?

వరుస ఇంజనులో వలె పిస్టనులు ఒకే బారున నిలిచినను, వీ ఇంజనులో వలె రెండు బారులుగా వాలి నిలిచినను, మెలిబలము సిలిండర్ల ఘనపరిమాణమును, వాటిలోని ఒత్తిడిని బట్టియే యుండును. ఆకారము చోటునకు సంబంధించిన సంగతి. కాజీపేట డీజిలు షెడ్డు చిరకాలము పోషించిన, 1962లో అమెరికా నుండి మొదట వచ్చిన ఆల్కో జాతి డబ్ల్యు.డి.ఎం.-2 రైలింజనులో 16 సిలిండర్లు వీ ఆకారమున నుండి 2600 అశ్వశక్తుల నిచ్చును. వాటిని ఒకే బారున పేర్చినచో క్రాంకుషాఫ్టు మిక్కిలి పొడవై మెలికలు తిరుగును గనుక, ఒక్కొక్క పిన్నుకు రెండేసి కనెక్టింగురాడ్లను తగిలించి దానిని పొట్టిగా, గట్టిగా చేసిరి. ఆ జాతి సిలిండర్లనే ఆరింటిని ఒకే బారున నిలిపినది యార్డులలో పెట్టెలను కూర్చు డబ్ల్యు.డి.ఎస్.-6, శక్తి సుమారు 1400 మాత్రమే. అయినను నిలిచియున్న గూడ్సును కదల్చుటలో ఈ చిన్నది పెద్దదానికి తీసిపోదు. ఏలయన మొదటి లాగుడు చక్రములపై బడు బరువునకు లోబడినది. శక్తి లోపము వేగమున బయటపడును.

ట్రాక్టరులో వరుస ఇంజను నుంచుటకు కారణము వేరు: బానెట్టు సన్నగా నుండి చాలు కనబడవలెను, ఒకే హెడ్డు విప్పిన పని జరుగవలెను.

ఇక చక్రములకు పట్టు పెరుగుటకు, నేల కొంత ఆరినపిదప వెనుక టైర్లలో ముప్పాతిక వంతు నీరు పట్టించి, ఇనుప బరువులు బిగించి, అదే పొలమున, అదే గేరులో నడిపి, చక్రపు పది చుట్లకు బండి ఎంత దూరము సాగినదో టేపుతో కొలిచి నాకు వ్రాయుము.