పిల్లలు – సెల్‌ఫోను ఆటలు



క్రిందటి వేసవిలో ఒక తల్లి పదిహేనేళ్ల కొడుకును ఉదయాన్నే మా క్యాజువాలిటీకి తీసుకువచ్చారు. మంచం దిగి నాలుగడుగులు వేసి, కళ్లు తిరిగి పడిపోయాడట. జ్వరం లేదు. బి.పి. కొంచెం తక్కువగా ఉంది. మిగతా పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. సెలైను పెట్టి, ఇడ్లీ తినిపించాక మా సిస్టరుతో నిజం చెప్పాడు. పది రోజులుగా తెల్లవారుజామున నాలుగింటి వరకు ఫోనులో ఆట ఆడుతున్నాడు. ముందురోజు రాత్రి అన్నం కూడా తినలేదు.

"పగలు ఆడుకోవచ్చు కదా బాబూ?" అని అడిగాము. "అమ్మ మధ్యలో లాక్కుంటుంది సిస్టర్. మేం నలుగురం ఒక టీము. నేను మధ్యలో పోతే మిగతా ముగ్గురూ తిడతారు. అందుకే అమ్మ పడుకున్నాక ఆడతాను" అన్నాడు.

తల్లి ప్రేమతోనే లాక్కున్నారు. కాని దానివల్ల ఆట ఆగలేదు, రాత్రికి మారింది.

మా వైపు కూడా పొరపాటు ఉంది. పిల్లల వార్డులో సూది గుచ్చేటప్పుడు ఫోను చూపించి దృష్టి మళ్లిస్తాము. ఆ నిమిషానికి అది మంచిదే. కాని సూది పని అయ్యాక కూడా గంటల తరబడి ఫోను బిడ్డ చేతిలోనే వదిలేసేవాళ్లం. ఇప్పుడు పని కాగానే పెద్దలకు తిరిగి ఇప్పిస్తున్నాము.

ఎంతవరకు ఆట? ఎప్పుడు జబ్బు?

ఫోనులో ఆడే ప్రతి పిల్లవాడూ రోగి కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి జబ్బుల పట్టికలో ఆటల వ్యసనం కూడా చేరింది. ఆ పట్టికను 2019లో ఆమోదించారు, 2022 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం చూడవలసినవి మూడు:

1. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం.
2. తిండి, చదువు, స్నేహితుల కంటే ఆటే ముఖ్యం కావడం.
3. నష్టం కళ్ల ముందు కనబడుతున్నా ఆట మానకపోవడం.

ఇవి సాధారణంగా ఏడాది పాటు కొనసాగి, జీవితాన్ని దెబ్బతీస్తే డాక్టర్లు వ్యసనంగా గుర్తిస్తారు. అయితే ఏడాది ఆగి రమ్మని మా ఉద్దేశం కాదు. మొదటి గుర్తులు కనబడగానే సలహా తీసుకోండి.

ఇంట్లో పాటించవలసినవి

- గంటలతో కాక, ఆటలతో లెక్క పెట్టండి. టీము ఆటలు కొన్ని అరగంట వరకు సాగుతాయి, మధ్యలో ఆగవు. "ఈ ఆట అయ్యాక ఫోను ఇచ్చేయి" అని ముందే చెప్పండి. మాట ప్రకారం ఇచ్చినప్పుడు మెచ్చుకోండి.
- రాత్రి అందరి ఫోనులూ హాల్లోనే ఛార్జింగు పెట్టండి. నాన్నగారి ఫోనుకు కూడా ఇదే నియమం. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఫిట్స్ ఉన్న పిల్లలకు నిద్ర తగ్గితే ఫిట్స్ రావచ్చు.
- 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరాన ఉన్న వస్తువును 20 సెకన్లు చూడమనండి. కళ్లకు విశ్రాంతి.
- ఏడాది నిండని బిడ్డకు ఫోను చూపించవద్దు. 2 నుంచి 4 ఏళ్ల వారికి రోజుకు గంట మించకూడదు. బువ్వ తినిపించడానికి ఫోను వద్దు.
- యు.పి.ఐ. పిన్ను పిల్లలకు చెప్పవద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా మోసగాళ్లు లింకులు పంపుతుంటారు. డబ్బు పోతే సిగ్గుపడి దాచకుండా, వెంటనే 1930కి ఫోను చేయండి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

ఫోను తీసుకుంటే "చచ్చిపోతాను" అని పిల్లలు అంటే, బెదిరింపు అని కొట్టివేయకండి, ఎగతాళి చేయకండి. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు అందకుండా పెట్టి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. టెలి మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆ అబ్బాయి రెండు వారాల తర్వాత రివ్యూకు వచ్చాడు. హోంవర్కు అయ్యాక రెండు ఆటలు, తొమ్మిదిన్నరకు ఫోను హాల్లో అని తల్లీకొడుకులు ఒప్పందం చేసుకున్నారట. "రోజూ జరుగుతోందా?" అని అడిగితే ఇద్దరూ నవ్వారు. వారంలో ఒకటి రెండు రోజులు గొడవ తప్పడం లేదట. కాని రాత్రి నిద్రపోతున్నాడు, పొద్దున టిఫిను తింటున్నాడు. మాకు అది చాలు.

ఈ రాత్రి మీ పిల్లలను ఒక మాట అడగండి: "ఏం ఆట అది? నాకూ చూపించు." కాసేపు పక్కన కూర్చుని చూడండి. ఆ తర్వాత వేళల గురించి మాట్లాడండి.