‘ఒకసారి పట్టి చూపించమ్మా’

చిరంజీవి బుజ్జికి,

నర్సింగ్‌లో పిల్లల వార్డు డ్యూటీ పడిందని, ఆయాసం పిల్లల తల్లులకు ఇన్‌హేలర్ వాడకం ఎలా నేర్పాలని రాశావు. ‘వాడటం తెలుసా?’ అని మాత్రం అడగకు. అందరూ తెలుసనే అంటారు. ‘ఒకసారి పట్టి చూపించమ్మా’ అను. లోపాలన్నీ అప్పుడే బయటపడతాయి.

ఒకామె ఇన్‌హేలర్ పంపు ఊపదు. ఊపకపోతే మందు సరిగా కలవక, పడాల్సిన మోతాదు పడదు. ఇంకొకామె మాస్కును ముఖానికి ఎడంగా పట్టుకుంటుంది. మందు గాలిపాలు. మరొకామె తొందరపడి రెండు పఫ్‌లూ ఒకేసారి కొట్టేస్తుంది. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే మందు బాగా లోపలికి పోతుందని చాలామంది నమ్మకం. నిజానికి ఏడుస్తున్నప్పుడు ఊపిరితిత్తులకు చేరేది చాలా తక్కువ. ముందు బిడ్డను ఊరుకోబెట్టాలి.

వరస ఇది. మూత తీసి, బాగా ఊపి, స్పేసర్‌కు, అంటే మందు నిలిచే బోలు డబ్బాకు, తగిలించాలి. నాలుగేళ్లలోపు పిల్లలకు మాస్కు పెట్టాలి. అది ముక్కునూ నోటినీ కప్పాలి, అంచుల్లో సందు ఉండకూడదు. ఒక్క పఫ్ నొక్కి, బిడ్డ ఐదారుసార్లు మామూలుగా ఊపిరి తీసేదాకా కదపకూడదు. రెండో పఫ్ రాసి ఉంటే అరనిమిషం ఆగి, మళ్లీ ఊపాలి. కాస్త పెద్దయి పెదాలు బిగించగలిగితే మౌత్‌పీస్ చాలు. రోటాహేలర్ సంగతి వేరు. అందులో వేసేది క్యాప్సూల్‌లోని పొడి, దానికి స్పేసర్ వాడరు. పిల్లలే గట్టిగా పీల్చాలి. ఆ క్యాప్సూల్ మింగేది కాదని విడిగా చెప్పు.

ఇంట్లో రెండు పంపులుంటే అసలు చిక్కు. సాల్బుటమాల్ బిగుసుకున్న ఊపిరి గొట్టాలను నిమిషాల్లో వదులు చేస్తుంది, లోపలి వాపును మాత్రం తగ్గించదు. వాపు తగ్గించేది స్టెరాయిడ్ పంపు. డాక్టరు రోజూ వాడమంటే దగ్గు లేని రోజు కూడా వాడాలి. పిల్లాడు తేరుకోగానే తల్లులు ఆపేసేది దీన్నే. రంగును నమ్ముకోకు, కంపెనీని బట్టి మారుతుంది. లేబుల్ చదివి, ఒకదానిమీద ‘రోజూ’ అని, రెండోదానిమీద ‘ఆయాసం వస్తే’ అని తెలుగులో రాసివ్వు. స్టెరాయిడ్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మించాలి, మాస్కు పెట్టిన పిల్లలకు ముఖం కూడా తుడవాలి. పుక్కిలించకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు.

‘పంపు అలవాటైపోతుందట, మాత్రలే ఇవ్వండి’ అంటారు అమ్మమ్మలు. అప్పుడు లెక్క చెప్పు: సాల్బుటమాల్ పఫ్ ఒకటి 100 మైక్రోగ్రాములు. 2 మిల్లీగ్రాముల మాత్ర దానికి 20 రెట్లు, పైగా ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. మృగశిర కార్తెకు హైదరాబాదు వెళ్లి చేప మందు వేయిస్తామంటే వాదనకు దిగకు. అది ఆయాసాన్ని తగ్గిస్తుందన్న శాస్త్రీయ రుజువు లేదని చెప్పి, పంపు ఆపొద్దని మాట తీసుకో.

పంపు మొదలుపెట్టిన తేదీ డబ్బామీద వేయించు. 200 పఫ్‌ల పంపు రోజుకు నాలుగు చొప్పున 50 రోజులే వస్తుంది. ఆ తర్వాత ఏదో బుస్సుమన్నా అందులో మందు ఉందని కాదు. స్పేసర్‌ను సబ్బునీళ్లతో కడిగి అలాగే ఆరనివ్వాలి. గుడ్డతో రుద్దితే స్టాటిక్ విద్యుత్ పుట్టి, మందు గోడలకు అంటుకుపోతుంది.

రాసిచ్చిన పఫ్‌లు వేసినా తగ్గక, డొక్కలు ఎగరేస్తున్నా, మాట తెగుతున్నా, పెదాలు నీలిబడినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి రమ్మను.

రేపు డిశ్చార్జి కాగితం ఇచ్చేముందు ప్రతి తల్లి చేతా నీ ఎదుటే పంపు పట్టించు. సరిగ్గా వచ్చేదాకా ఎవర్నీ గడప దాటనివ్వకు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ