ఒకే వంట – ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క కొలత

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల సంఘాలకు తనిఖీకి వెళ్లినప్పుడు, లెక్కల పుస్తకాలు మూసిన తరువాత మహిళా సభ్యులు మమ్మల్ని తరచు ఒక విషయం అడుగుతూ ఉంటారు. ఇంట్లో అత్తగారికి షుగర్, అన్నం తగ్గించమన్నారు. భర్త బొగ్గుబాయి పనికో, మిరపతోటకో పోవాలి. పిల్లలు బడికి పోవాలి. ఎవరికి ఏమి వండాలి? మూడు రకాలు వండడానికి తీరిక ఏ ఇల్లాలికీ ఉండదు. చివరకు అందరూ ఒకే తీరున అన్నం తింటారు, లేదా పెద్దామె అర్ధాకలితో లేస్తుంది. ఈ రెండూ మంచివి కావు. వంట ఒకటే చేసి కొలత మాత్రం మార్చడమే సరైన దారి.

పిండి పదార్థం ఎక్కడ ఉన్నది?

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి, 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లమందికి పైగా మధుమేహం ఉన్నది. రక్తంలో చక్కెరను ముఖ్యంగా పెంచేది పిండి పదార్థం. 100 గ్రాముల బియ్యంలో ఇది సుమారు 78 గ్రాములు, జొన్నలలో 68, కందిపప్పులో 55. కాని కందిపప్పులో 22 గ్రాముల మాంసకృత్తులు కూడా ఉన్నవి. పాలలో సుమారు 5. పాలకూర, తోటకూర, ఆనపకాయ, బీరకాయలలో అయిదుకు మించదు.

దీనినిబట్టి ఒక సంగతి గమనించాలి. అన్నం మాని నాలుగు జొన్నరొట్టెలు తింటే పిండి పదార్థం పెద్దగా తగ్గదు. జొన్నలో పీచు ఎక్కువ, అది మేలే. కాని ధాన్యం మార్చినంత మాత్రాన చాలదు, కొలత తగ్గాలి.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత గటక తినే ఇళ్లలో కూడా క్రమంగా అన్నం పెరిగింది. 2025 ఏప్రిల్ నుండి రేషన్‌పై మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే రోజుకు 200 గ్రాములు. ఇంటిల్లిపాదికి ఇది ఆసరా. అయితే వంతు వచ్చినంతా షుగర్ ఉన్నవారే తినవలసిన పని లేదు.

అయిదుగురికి మధ్యాహ్న వంట

కందిపప్పు 150 గ్రాములు, పాలకూర అరకిలో కలిపి పప్పు చేయాలి. కిలో బీరకాయ లేక ఆనపకాయ తక్కువ నూనెతో కూర వండాలి. అన్నం ఒకే గిన్నెలో వండాలి. పెరుగు ఉండనే ఉన్నది. గుడ్డు తినేవారు విడిగా ఉడకబెట్టుకోవచ్చు.

వారానికి రెండు రోజులు పన్నీర్ చేయాలి. లీటరు గేదె పాలు కాచి దించి, రెండు చెంచాల నిమ్మరసం నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా పోయాలి. పాలు విరిగిన తరువాత గుడ్డలో వడగట్టి, బరువు పెట్టాలి. సుమారు 200 గ్రాముల పన్నీర్ వస్తుంది. పాలలోని చక్కెర ఎక్కువభాగం విరుగుడు నీళ్లలోకి పోతుంది, మాంసకృత్తులు, కొవ్వు పన్నీర్‌లో నిలుస్తాయి. కాబట్టి పన్నీర్ చిదిమి కూరలో వేసి పెద్దామెకు ఎక్కువ వడ్డించాలి. ఆ నీళ్లతో మిగతావారికి రొట్టెపిండి కలపాలి. చుక్క కూడా వృథా కాదు.

పళ్లెంలో కొలత

షుగర్ ఉన్నవారికి పూటకు 40 గ్రాముల బియ్యపు అన్నం, కప్పు పప్పు, రెండు కప్పుల కూర, చిన్న గిన్నెడు పెరుగు. పూటకు 150 గ్రాముల బియ్యం తినే మనిషికి అన్నంతోనే 117 గ్రాముల పిండి పదార్థం వస్తుంది. ఈ కొలతలో అన్నంతో వచ్చేది 31 గ్రాములు మాత్రమే. అయినా పప్పు, కూర, పెరుగు ఉన్నందున కడుపు నిండుతుంది. 40 గ్రాముల బియ్యాన్ని ఒక రోజు విడిగా వండి, ఆ అన్నం ఏ గిన్నెకు సరిపోయిందో చూసుకుంటే, ఆపైన ఆ గిన్నే కొలత. సంఘంలో పాలు కొలిచినట్లే ఇదీ కొలిచి పెట్టాలి. కష్టం చేసేవారికి, పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు అన్నం తగ్గించరాదు.

జాగ్రత్తలు

షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరును అడగకుండా ఒక్కసారిగా అన్నం తగ్గించరాదు. రక్తంలో చక్కెర మరీ పడిపోవచ్చు. చెమట, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు, పన్నీర్ డాక్టరు చెప్పిన మేరకే తినాలి.

ముందు ఇంటికి, తరువాత సంఘానికి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో పెద్దవారికి రోజుకు 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు చెప్పింది. అయిదుగురికి లీటరున్నర. పితికినవన్నీ కేంద్రంలో పోసి, ఇంట్లో పచ్చిపులుసుతో సరిపెట్టుకునే సభ్యులు ఉన్నారు. బిల్లులో నాలుగు రూపాయలు ఎక్కువ పడతాయి నిజమే. కాని ఆ పాలు ఇంట్లో లేకపోతే ఆకలి తీర్చే బాధ్యత మళ్లీ అన్నంమీదనే పడుతుంది. సంఘం సభ్యుల పాలు కొనడానికే ఉన్నది, కాని సభ్యుల ఇల్లు పాలకు మొహం వాచడం సంఘానికి గౌరవం కాదు.

నెలవారీ సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మీ ఇంట్లో ఒక పూటకు ఒక్కొక్కరు ఎన్ని గ్రాముల బియ్యం తింటున్నారు?
2. నిన్న పితికిన పాలలో ఇంటికి ఎన్ని ఉంచారు?
3. పన్నీర్ చేసినప్పుడు విరుగుడు నీళ్లు దేనికి వాడవచ్చు?