ముందు టీచరు భయం తీరాలి

నిజామాబాద్ జిల్లా ముప్కాల్, బాల్కొండ, మెండోరా చుట్టుపక్కల ప్రైవేటు బడుల్లో ఇంగ్లీషు చెబుతూ, తర్వాత ఆ డిపార్ట్‌మెంటు బాధ్యత చూస్తూ నా ఉద్యోగ జీవితం గడిచింది. మన బడుల్లో హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంటు హెడ్) అంటే కాపీలు తనిఖీ చేసి, సిలబస్ ఎంతవరకు వచ్చిందో ప్రిన్సిపాల్‌కు చెప్పే మనిషి అనుకుంటారు. ఆ కుర్చీలో కొత్తగా కూర్చున్నవాళ్ల కోసం ఇవి రాస్తున్నాను.

1. స్టాఫ్‌రూమ్‌తో మొదలుపెట్టండి

మన దగ్గర ఇంగ్లీషు టీచర్లలో చాలామంది తెలుగు మీడియంలో చదివి, బీఈడీ చేసి వచ్చినవాళ్లే. వ్యాకరణం బాగా తెలుసు. నలుగురిలో రెండు నిమిషాలు మాట్లాడమంటే మాత్రం గొంతు తడారిపోతుంది. ప్రిన్సిపాల్ క్లాసు చూడటానికి వస్తే బోర్డు మీద రాసిందే చదివి పీరియడ్ గడిపేస్తారు. టీచరు భయపడుతూ మాట్లాడే భాషను పిల్లలు ధైర్యంగా మాట్లాడరు.

మేము శనివారం చివరి పీరియడ్‌లో తలుపు వేసుకుని ఇంగ్లీషు టీచర్లం మాత్రమే కూర్చునేవాళ్లం. ఒకరు వచ్చే వారం పాఠంలోంచి కొంత పైకి చదవాలి. మిగతావాళ్లు పిల్లలు అడగబోయే ప్రశ్నలు అడగాలి. ఉచ్చారణ తప్పితే ఎవరూ నవ్వకూడదు, లోపల జరిగింది మేనేజ్‌మెంటు చెవిన పడకూడదు. ఈ రెండు షరతులూ నిలిస్తేనే అది నడుస్తుంది.

పదో తరగతిలో సెడ్రిక్ మౌంట్ రాసిన 'ది నెవర్ నెవర్ నెస్ట్' అనే నాటిక ఉంది. ఇల్లు, కారు, సామాను అన్నీ వాయిదాల మీద కొన్న దంపతుల కథ. ఒక టీచరమ్మ ఆ సంభాషణలు చదువుతూ చదువుతూ పుస్తకం పక్కన పెట్టేసింది. గల్ఫ్ వీసా కోసం మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చిన తమ పక్కింటి సంగతి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది. క్రియలు అక్కడక్కడ తప్పాయి. ఎవరమూ మధ్యలో ఆపలేదు. సోమవారం అదే సంగతి పిల్లలకు చెప్పి ఆ నాటిక మొదలుపెట్టింది. పదో తరగతి మొత్తం చెవులప్పగించి వింది. వాయిదా అంటే ఏమిటో ఆ పిల్లలకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

2. ఎర్ర సిరా తగ్గించండి

ఐదు సెక్షన్లు, సెక్షనుకు నలభై మంది అనుకుంటే 200 నోటుబుక్కులు. ఒక్కోదానికి రెండు నిమిషాలు పెట్టినా 400 నిమిషాలు, అంటే ఆరున్నర గంటల పైమాటే. రోజుకు ఆరేడు పీరియడ్లు చెప్పే మనిషికి అంత తీరిక ఎక్కడిది? అందుకే పేజీకో టిక్కు, చివర సంతకం. లేదంటే కనిపించిన ప్రతి తప్పుకూ సున్నా చుట్టి పేజీని ఎర్రగా చేయడం. రెండింటివల్లా పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

ఒకసారి ఒక రకం తప్పే దిద్దాలని మేము నిర్ణయించుకున్నాం. ఈ వారం భూతకాలమైతే అది ఒక్కటే. ఎనిమిదో తరగతి అమ్మాయి 'మా ఊరు' వ్యాసం గైడు చూసి రాసింది. అందులో కొబ్బరి తోటలున్నాయి. మా ఊళ్లో పసుపు, మక్క, ఎర్రజొన్న తప్ప కొబ్బరి తోట ఏదీ? నిన్న మీ ఇంట్లో ఏం జరిగిందో రాయమని టీచరు అడిగింది. అప్పుడు ఆ పిల్ల పసుపు ఉడకబెట్టడం గురించి రాసింది. కొమ్ములు ఉడుకుతుంటే తండ్రి పుల్లతో గుచ్చి చూడటం, పొగకు అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకోవడం, ఆరబోసిన కుప్ప దగ్గర తాను కాపలా కూర్చోవడం, అన్నీ వచ్చాయి. వాక్యవాక్యానికీ తప్పే. టీచరు క్రియల కింద మాత్రం గీతలు పెట్టి, చివర ఇంగ్లీషులోనే ఒక ప్రశ్న రాసింది: పుల్ల దిగకపోతే ఏం చేస్తారు? ఆ పిల్ల మర్నాడు ఎవరూ అడగకుండానే ఇంకో అరపేజీ రాసుకొచ్చింది. నోటుబుక్కు దిద్దడమంటే అదీ.

3. తెలుగు మాట్లాడితే ఫైన్ అనే బోర్డు తీయించండి

2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేలాడదీశారన్న వార్త అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా కలకలం రేపింది. అదే ఏడాది వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అయినా ఐదు రూపాయల ఫైన్ చాలా బడుల్లో ఇంకా పోలేదు. ఫైన్ పెట్టిన బడిలో పిల్లలు ఇంగ్లీషు మాట్లాడరు, మౌనంగా ఉండటం నేర్చుకుంటారు. నిజామాబాద్ జిల్లాలో ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో హిందీ, ఇంగ్లీషు నెగ్గుకొచ్చే పిల్లలున్నారు. వాళ్ల నోరు మూయించడం అన్యాయం.

2018 చట్టంతో తెలంగాణలోని అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. అది మనకు పోటీ కాదు. తెలుగు సారుతో స్నేహం చేయండి. ఆయన క్లాసులో కథ చక్కగా చెప్పగలిగిన పిల్లవాడు మన క్లాసులో ఎందుకు చెప్పలేకపోతున్నాడో ఇద్దరూ కలిసి చూస్తేనే తెలుస్తుంది.

4. చదువుకునే పీరియడ్ సాధించండి

పిల్లలు కథల పుస్తకాలు తమకు తాము చదువుకునే పీరియడ్ ఇది. అన్నిటికన్నా దీని కోసమే నేను ఎక్కువ వాదించాను. ఫిజీ దీవుల్లో పల్లెటూరి బడుల్లో ఎలీ, మంగుభాయ్ అనే పరిశోధకులు నాలుగు, ఐదు తరగతుల గదుల్లోకి 250 చొప్పున కథల పుస్తకాలు పంపించారు. ఇంగ్లీషు ఆ పిల్లల ఇంటి భాష కాదు. పుస్తకాలు అందిన పిల్లలు మిగతావారికంటే దాదాపు రెట్టింపు వేగంతో ముందుకు వెళ్లారని 1983లో వాళ్లు ప్రకటించారు. ముప్కాల్ పిల్లల పరిస్థితీ అలాంటిదే. ఇంట్లో ఇంగ్లీషు వినపడదు, పుస్తకమొక్కటే దారి.

మన బడుల్లో పుస్తకాలు లేకపోలేదు. బీరువాలో ఉంటాయి, తాళం ఆఫీసులో ఉంటుంది. చిరిగిపోతాయని భయం. చిరగనివ్వండి. నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్ పుస్తకాలు చవక. ప్రథమ్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు, ఇంగ్లీషు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి కుట్టుకుంటే చాలు. చదివాక ప్రశ్నలు, పరీక్ష పెట్టకండి. ఆ పీరియడ్‌లో టీచరు కూడా కూర్చుని చదవాలి. కాపీలు దిద్దుకుంటానంటే ఒప్పుకోకండి.

5. పనికొచ్చే ఇంగ్లీషు ఇంట్లోనే ఉంది

పురుగుమందు డబ్బా మీద, విత్తనాల సంచి మీద, గల్ఫ్ కంపెనీ ఇచ్చిన కాంట్రాక్టు కాగితంలో ఉన్నది ఇంగ్లీషే. ఇలాంటి నిత్యం కనిపించే కాగితాలతోనే పాఠం చెప్పొచ్చు. ఇంగ్లీషు బోధన మీద పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు ప్రాజెక్టు అనే ప్రయోగంలో రైలు టైంటేబుళ్లు, మ్యాపులు ఇచ్చి పిల్లలనే లెక్క తేల్చమన్నారు. ప్రపంచమంతా ఆ పని గురించి చదువుకుంది. మనకు ఆర్మూర్ నుంచి నిర్మల్ పోయే బస్సుల వేళలు చాలు. ఏ బస్సెక్కితే పరీక్ష వేళకు చేరతామో పిల్లలను తేల్చమనండి.

6. టీచరు వెళ్లిపోయినా పని ఆగకూడదు

2024 డీఎస్సీలో 11,062 ప్రభుత్వ టీచరు పోస్టులు వచ్చాయి. అక్టోబరులో నియామక పత్రాలు అందగానే ప్రైవేటు బడుల నుంచి మంచి టీచర్లు వెళ్లిపోయారు. వాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. 2020 మార్చిలో బడులు మూతపడితే ఎంతమంది కూలికి పోయారో చూశాం. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తే దానికోసం పేర్లు రాయించుకున్నవాళ్లు మన సహోద్యోగులే. ఉన్నన్నాళ్లు గౌరవంగా చూడండి. డిపార్ట్‌మెంటుకు ఒక ఫైలు పెట్టండి. ఏ పాఠం ఎలా చెప్పారు, పిల్లలు ఎక్కడ తడబడ్డారు, ఏ సెక్షన్‌లో ఎవరికి చదవడమే రాదు అని రాసి ఉంచితే నవంబరులో వచ్చిన కొత్త టీచరు చీకట్లో తడుముకోదు.

7. కరస్పాండెంటుతో మార్కుల భాషలో మాట్లాడండి

ఆయనకు అడ్మిషన్ల భయం ఉంటుంది, పక్క టెక్నో స్కూలు ఫ్లెక్సీ రోజూ కనిపిస్తుంది. పదో తరగతి ఇంగ్లీషు 80 మార్కుల పేపరులో చూడని పేరాలు చదివి రాయాల్సినవి, సొంతంగా రాయాల్సినవి ఎక్కువ. బట్టీతో అవి రావు. ఈ ఒక్క మాట పేపరు ముందు పెట్టి చెబితే ఏ యజమానైనా వింటాడు.

8. తల్లిదండ్రుల మీటింగు తెలుగులోనే

బీడీలు చుట్టే చేట పక్కన పెట్టి వచ్చిన తల్లి, "సారూ, మా పోరడు ఇంగ్లీషుల మాట్లాడుతనే లేడు" అంటుంది. ఆమెకు గ్రేడ్లు చూపించకండి. పిల్లవాడితో ఆమె ముందే ఒక పేజీ చదివించి, అందులో ఏముందో తెలుగులో చెప్పించండి. కొడుకు చదివింది ఆమెకు అర్థం కావాలి.

ఈ ప్రాంతంలో ఇంగ్లీషు చెప్పే మిత్రులకు ఒక విన్నపం. జూన్ 12న బడి తెరిచాక టైంటేబుల్ మార్చడం ఎవరివల్లా కాదు. మే నెలలోనే వెళ్లి కరస్పాండెంటు సారును కలవండి. ప్రతి తరగతికి వారానికి రెండు చదువు పీరియడ్లు కాగితం మీద రాయించుకోండి, పుస్తకాల బీరువా తాళం మీ చేతికి తీసుకోండి.