మెట్టసీమల పశుపాలకులు - అంతర్జాతీయ పరిశోధన

వర్షపాతం మిక్కిలి తక్కువగా ఉండే ప్రాంతాలలో సేద్యం సాగదు. అక్కడి ప్రజలకు పశువే ఆస్తి, పశువే ఆహారం. ఉత్తర కెన్యాలోని మార్సబిట్, వాజిర్ ప్రాంతాలు ఇట్టివే. అక్కడి బొరానా, గబ్రా, రెండిల్లే, సోమాలీ ప్రజలు ఒంటెలను, ఆవులను, మేకలను తోలుకొని మేతను వెదుకుతూ తిరుగుతారు. ఈ సంచారాన్ని వెనుకబాటుతనంగా పాలకులు పూర్వం భావించారు. నిజానికి నేడొక చోట, రేపొక చోట కురిసే వానను వినియోగించుకొనుటకు ఇంతకు మించిన మార్గం లేదు.

అయితే వరుసగా రెండు వర్షరుతువులు తప్పితే ఈ నేర్పు కూడా చాలదు. మంద నశించిన కుటుంబం కోలుకొనుటకు అనేక సంవత్సరాలు పడుతుంది. కొందరు ఎన్నటికీ కోలుకొనలేరు. బీమా ఉండవచ్చును గదా అని మనం అడుగవచ్చు. సాధారణ పశుబీమాలో చనిపోయిన ప్రతి పశువును ఒకరు పరీక్షించవలెను. బాటలు లేని విశాల ప్రదేశంలో అది అసాధ్యం.

ఈ చిక్కును విడదీయుటకు నైరోబీ కేంద్రంగా గల అంతర్జాతీయ పశుగణ పరిశోధనా సంస్థ, అమెరికాలోని కార్నెల్ మొదలైన విశ్వవిద్యాలయాలతో కలిసి, 2010 జనవరిలో మార్సబిట్‌లో ఒక నూతన పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇందులో ఉపగ్రహం నేలపైని పచ్చదనాన్ని కొలుస్తుంది. ఆ కొలత గత సంవత్సరాలతో పోల్చినపుడు నిర్ణీత మట్టం కంటె తగ్గితే, ఆ ప్రాంతంలో బీమా చేసిన వారందరికీ సొమ్ము ముట్టుతుంది. 2011 కరవులో పరిహారం పొందిన కుటుంబాలు పశువులను అయినకాడికి అమ్ముకొనుట, పూటలు మానుకొనుట తగ్గినట్లు పరిశోధకులు గమనించారు. పశువు చనిపోయిన తరువాత ఇచ్చే సొమ్ము కంటె, బ్రతికి ఉండగానే మేతకు, నీటికి అందే సొమ్ము మేలని తెలుసుకొని, తరువాత నియమాలను మార్చారు.

వాజిర్‌లోని ముస్లిం పశుపాలకులకు మరొక సందేహం కలిగింది. వడ్డీ, జూదం, అనిశ్చితి కలిసిన బీమా ధర్మసమ్మతమా? 2013లో తకాఫుల్ పద్ధతిని అనుసరించి, సభ్యుల విరాళాలతో ఉమ్మడి నిధిని ఏర్పరచి, దానినుండి సహాయం అందించే ఏర్పాటు జరిగింది. 2014లో తొలి చెల్లింపులు జరిగాయి. ప్రజల విశ్వాసాన్ని అడ్డంకిగా గాక ఆధారంగా స్వీకరించుట ఇందలి విశేషం.

లోపాలు లేకపోలేదు. పశువు మేయని ముళ్లపొద కూడా ఉపగ్రహానికి పచ్చగానే కనిపిస్తుంది; ఆ భేదం కాపరికే తెలుసు. ప్రాంతమంతటికీ ఒకే కొలత కావడంచేత నష్టపోయినవానికి సొమ్ము అందకపోవచ్చు. పేదలకు రుసుము భారం. అందుచేతనే కెన్యా ప్రభుత్వం 2015లో తానే రుసుము చెల్లించే పథకాన్ని ఆరంభించింది.

ఈ సంస్థకు సోదర సంస్థయైన ఇక్రిశాట్ 1972 నుండి మన పటాన్‌చెరులోనే ఉన్నది. గొర్రెల మందలతో మేతకై వలసపోయే కురుమలు, గొల్లలు మన పల్లెలలోనే ఉన్నారు. ఐక్యరాజ్యసమితి 2026ను మేత భూముల, పశుపాలకుల సంవత్సరంగా ప్రకటించింది. ఈ సందర్భంలో మన విద్యార్థులు గ్రహింపదగినది ఒకటున్నది. ఒక్క సమస్యకై అర్థశాస్త్రం, భూగోళం, ధర్మశాస్త్రం, కాపరి అనుభవం ఒకచోట చేరవలసి వచ్చింది. ధనం, యంత్రం దూరదేశాలనుండి రావచ్చును. కాని ప్రశ్న మాత్రం ఆ నేలపై నడిచేవానితో కలిసి వేయవలసినదని మేము భావిస్తున్నాము.