గర్భిణి ఉన్న ఇంటికి ఏం పంపుదాం?

కడుపులో ఉన్నప్పుడు తిండి చాలని బిడ్డ శరీరం కండ తగ్గించి కొవ్వు దాచుకోవడం నేర్చుకుంటుంది. సన్నగా పుట్టినా ముందుముందు లావు, షుగర్ రావచ్చు.

1987-90లో హైదరాబాద్ దగ్గరి పల్లెల్లో గర్భిణులకు, పసిపిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఉప్మా అందని పల్లెల పిల్లలకంటే వీళ్లు కొంచెం ఎత్తుగా ఉన్నారు. ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. కొవ్వులో మాత్రం తేడా లేదు, అదీ చెప్పాలి.

మన రంజాన్ కిట్‌లో బియ్యం, చక్కెర, నూనె, సేమియా ఉంటున్నాయి. కరీంనగర్‌లో గర్భిణులున్న ఇళ్లకు చక్కెర తగ్గించి కందిపప్పు, పల్లీలు, గుడ్లు పెడదామని మా ఆలోచన. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద భోజనం, గుడ్డు, 200 మి.లీ. పాలు ఉన్నాయి. పేరు రాయించుకోని కోడళ్లను అక్కడికి తోల్కపోయేందుకు మీ ఇంటి ఆడవాళ్లు రావాలి.