వచ్చిపోవు దోషము

విద్యార్థులారా! యంత్రము పూర్తిగా మూగవోయినచో దోషమును పట్టుట సులభము. వచ్చుచు పోవుచునుండు దోషమే మన యోర్పునకు పరీక్ష. ఇందుకు గిటారు యాంప్లిఫయరును ఉదాహరణముగా గైకొందము.

వాయించుచుండగా ధ్వని హఠాత్తుగా క్షీణించి, మరల వచ్చుచున్నదనుకొనుడు. మొదట గిటారునుండి వచ్చు తీగను మార్చి చూడవలెను. పెక్కుసారులు దోషమందే యుండును. అది మంచిదైనచో వెనుకవైపు చూడుడు. కొన్ని యాంప్లిఫయరులకు అచట సెండు, రిటర్ను అను రెండు సాకెట్లుండును. ధ్వనిని తగ్గించి, ఆ రెంటిని చిన్న తీగతో కలుపుడు. అంతట ధ్వని నిలకడ చెందినచో, రిటర్ను సాకెట్టులోని స్పర్శస్థానము మలినమైనదని తలంపవచ్చును. చల్లగానున్నప్పుడు పలికి, వేడెక్కిన పిదప మూగవోవుచున్నచో, టంకపు అతుకు పగిలియుండవచ్చును; వేడికి లోహము వ్యాకోచించి పగులు విడును.

ఒక్కొక్క పర్యాయము ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులొక్కసారి చేసినచో దోషము పోవచ్చును గాని, కారణము తెలియదు.

పెట్టెను మాత్రము విప్పకుడు. వాల్వు యాంప్లిఫయరులలో 400 వోల్టులకు మించియు నుండవచ్చును. విద్యుత్తును ఆపిన పిదపను కెపాసిటరులలో ప్రాణాంతకమగు ఆవేశము కొంతకాలము నిలిచియుండును. ఆ పని నేర్చినవారిదే. ఎప్పుడు మూగవోయినది, ఏది మార్చగా పలికినది వ్రాసి వారికిచ్చుడు. ఆ కాగితమే మరమ్మతునకు తొలిమెట్టు.